మహేంద్రతనయ దాటితే ఆంధ్ర

పర్లాకిమిడిలో మా ఇంటి నుంచి సైకిల్ మీద మహేంద్రతనయ నది వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది. అయినా పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం. సరిహద్దంటే నాకు తెలిసింది అదే, అమెరికా వెళ్ళేదాకా.

కంప్యూటర్ చిప్‌లు చేసే యంత్రాలకు వాక్యూమ్ పంపులు, అంటే లోపలి గాలిని తోడేసే పంపులు, తయారుచేసే కంపెనీలో చేరాను. మొదటి వారంలోనే పక్క సీటాయన ఏదో డ్రాయింగ్ చూపిద్దామని స్క్రీన్ నావైపు తిప్పబోతే, మేనేజర్ పరుగున వచ్చి ఆపేశాడు. అది ప్రభుత్వ ఎగుమతుల కంట్రోల్ జాబితాలోది, లైసెన్సు లేకుండా ఎగుమతి చెయ్యకూడదు. నెట్‌లో ఇండియాకి పంపితేనే ఎగుమతి అనుకునేవాణ్ణి. అమెరికాలోనే, అదే గదిలో, ఇండియా పౌరుడికి చూపించినా ఇండియాకి ఎగుమతి చేసినట్టేనట! దాన్ని డీమ్డ్ ఎక్స్‌పోర్ట్ అంటారు. 2011 నుంచి హెచ్-1బీ దరఖాస్తులోనే దీనికి లైసెన్సు కావాలో అక్కర్లేదో కంపెనీ రాసివ్వాలి. నాకు లైసెన్సు వచ్చేదాకా మీటింగుల్లో ఆ డ్రాయింగ్ తెరమీదికి రాగానే లేచి బయటికెళ్ళి కాఫీ తాగేవాణ్ణి. చాలా కాఫీ తాగాను. గ్రీన్‌కార్డు వచ్చాక ఆ లైసెన్సు కూడా అక్కర్లేకపోయింది. చూసే కళ్ళు మాత్రం అవే.

మా టీమ్‌లో ఒక పెద్దాయన పాత సంగతి చెప్పి నవ్వేవాడు. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ రాసిన పీజీపీ అనే రహస్య లిపి ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో దేశాలు దాటింది. అప్పట్లో అలాంటివి ఆయుధాల లెక్కలోకి వచ్చేవి. జిమ్మర్‌మన్‌పై దర్యాప్తు 1996 దాకా నడిచి, కేసు లేకుండానే ముగిసింది. ఈలోగా 1995లో ఆ కోడ్‌ను ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చేసింది. ఫైలుకి అడ్డం, పుస్తకానికి కాదు!

మొన్న ఆఫీసు లాప్‌టాప్ అక్కడే వదిలేసి ఊరొచ్చాను. ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు పట్టుకున్నాడు. "మావయ్యా, మీ పంపు డ్రాయింగ్ ఒకటి వాట్సాప్ చెయ్యవా? ప్రాజెక్టుకి."

"కుదరదురా. పుస్తకాల్లో ఉన్నదైతే ఎంతైనా చెబుతాను."

శుభలేఖ వెనకాల బొమ్మ గీశాను. నిమిషానికి వేల చుట్లు తిరిగే రెక్కలు గాలి అణువుల్ని కొట్టి కిందికి తోస్తాయని చెప్పాను. వాడు బొమ్మమీద వేలు పెట్టి, "మరి మీరు ఈ రెక్కని ఎంత వాలుగా పెడతారు?" అన్నాడు.

పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. "అక్కా, టీ పెట్టావా?"