గుణదల కొండకు రోగితో వెళ్లేవాళ్లకు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడలోని గుణదల మరియమాత తిరునాళ్లు. ఆ మూడు రోజులూ కొండ కింది నుంచి పై దాకా జనమే. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు అది పండగ. మంచం దిగి నాలుగు రోజులైనా కానివాళ్లు ఆ తొక్కిసలాటకు తట్టుకోలేరు. అందుకే జబ్బు మనుషులతో వెళ్లేటప్పుడు మేం పండగ దాటాక, వారం మధ్యలో బయల్దేరతాం. మొక్కు పదకొండో తేదీకని చెప్పుకున్నాం కదా అని కొందరు బెంగపడతారు. తేదీ తప్పితే మొక్కు చెల్లదని కతోలిక శ్రీసభ ఎక్కడా చెప్పలేదు.

ఆ తేదీకి విలువ ఉన్న మాట నిజమే. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్సులోని లూర్దు గుహ దగ్గర బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మరియమాత మొదటిసారి దర్శనమిచ్చింది. 1992లో రెండో జాన్ పాల్ పోపుగారు అదే రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. గుణదలలో ఆ లూర్దు మాత స్వరూపాన్ని నిలిపింది 1924లో, ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి అనే గురువు. ఇప్పుడు లూర్దు పేరు వినని పల్లెల నుంచి కూడా, ఏ మతం వాళ్లయినా, తలనీలాలిస్తామని మొక్కుకుని వస్తారు.

ఈసారి మాతో ముగ్గురు రోగులు వచ్చారు. ఒకరికి షుగరు, ఒకరికి డయాలసిస్ నడుస్తోంది, ఒకరు టీబీ మందులు వాడుతున్నారు. డయాలసిస్ అయిన రోజు మనిషి పూర్తిగా నీరసించిపోతాడు, అందుకే డాక్టరుగారిని అడిగి ఆ మర్నాటికి ప్రయాణం పెట్టుకున్నాం. మందుల సంచి లగేజీలో కలపం, ఒకరి భుజానే ఉంటుంది. ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టి, నేరుగా ఐసు తగలకుండా పెడతాం. ఐసు తగిలి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు.

తెల్లవారుజామున విజయవాడ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఎండ ముదరక ముందే పైకి వెళ్లి రావాలి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, అంటే సత్ప్రసాదం, తీసుకోవాలి కదా అని పొద్దున ఏమీ తినరు, షుగరు మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుంటారు. సగం మెట్లెక్కేసరికి షుగరు పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. దివ్యసత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఒక్క గంటే. మంచినీళ్లు, మందులు ఆ ఉపవాసాన్ని భంగం చేయవు. రోగులకూ వృద్ధులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ ఆ గంట నియమం కూడా లేదు. కాబట్టి రెండు ఇడ్లీలు తినిపించండి, నాలుగు చెంచాల పంచదార జేబులో పెట్టుకోండి.

కొండ దారి పొడవునా సిలువ మార్గం స్థలాలు, అంటే క్రీస్తు సిలువ మోసిన దారిని ధ్యానించే చోట్లు, పద్నాలుగు. ప్రతి స్థలం దగ్గరా ప్రార్థనకు ఎలాగూ ఆగాలి, రోగికి అదే విశ్రాంతి. ఆయాసం తగ్గాకే లేవాలి. కొండ కొన మీది సిలువ దాకా ఎక్కలేనివాళ్లు మాత గుహ దగ్గరే ఆగిపోవచ్చు. చెప్పుల్లేకుండా ఎక్కుతామని మొక్కుకున్న షుగరు మనిషికి మందపాటి మేజోళ్లు వేయించాం. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బ లేచినా తెలియదు, ఆ పుండు నెలల తరబడి మానదు. కొబ్బరికాయలు కొట్టేచోట నేల జారుడుగా ఉంటుంది. కొవ్వొత్తుల దగ్గర కరిగిన మైనం కిందికి కారి, పేరుకుని, పైన దుమ్ము పట్టి మామూలు రాయిలాగే కనిపిస్తుంది. అడుగు వేస్తే తప్ప తెలియదు. అక్కడ మాత్రం రోగి చెయ్యి వదలొద్దు.

కొబ్బరినీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. మాతకు కొట్టిన కాయ నీళ్లు కదా అని ప్రేమగా గ్లాసు నింపి ఇస్తారు. కిడ్నీలు పాడైనవాళ్లకు అందులోని పొటాషియం ఒంట్లోనే నిలిచిపోయి గుండె లయ తప్పుతుంది. చిన్న ముక్క నుదుటికి ఆనించి తిరిగి ఇచ్చేస్తే చాలు, మాతకు కోపం రాదు.

మా యాత్రకు గుండెకాయ లాంటిది రోగుల అభ్యంగనం, అంటే రోగికి ప్రార్థనతో పవిత్ర నూనె పూసే సంస్కారం. మా విచారణ (ఊరి చర్చి) గురువు మాతోనే వచ్చారు. ఈ సంస్కారం ఇవ్వగలిగింది గురువులూ మేత్రాణులూ (బిషప్పులు) మాత్రమే. ముందు పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), తర్వాత గురువు మౌనంగా తలమీద చేతులుంచి ప్రార్థించి, నూనెతో నుదుటి మీద, ఆ పైన రెండు చేతులకూ సిలువ గుర్తు వేస్తారు. అది మేత్రాణులు ఏడాదికోసారి, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో ఆశీర్వదించిన నూనె. తీర్థయాత్రలో సీసాల్లో ఇంటికి తెచ్చుకునే నూనెకూ దీనికీ పోలిక లేదు. "అభ్యంగనం అంటే చివరి ఘడియ కదయ్యా" అని ఒక పెద్దమ్మ భయపడింది. కాదు. పెద్ద ఆపరేషన్‌కు ముందు తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. బైబిల్లోని యాకోబు లేఖ 5వ అధ్యాయం చెప్పేది బతికున్న రోగి గురించే. నూనె పూసినప్పుడు ఆమె అరచేతులు చాలాసేపు తెరిచే ఉంచింది, తుడవనివ్వలేదు.

స్వస్థత మేం మనసారా అడుగుతాం. దేవుడు ఇస్తాడని నమ్ముతాం. ఎప్పుడు, ఏ దారిన అన్నది ఆయన చేతిలో ఉంది. టీబీ మందులు రెండు నెలలు వాడేసరికి దగ్గు తగ్గి, బరువు పెరుగుతుంది. అప్పుడే కొందరు కొండెక్కి వచ్చి, స్వస్థత దొరికిందని మందులు మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా మారతాయి, ఇంట్లోవాళ్లకూ అంటుతాయి. లూర్దులో వేల మంది నయమైందని చెప్పుకుంటే, వైద్యుల పరిశీలన దాటి అద్భుతాలుగా శ్రీసభ ఒప్పుకున్నవి డెబ్బై పైచిలుకే. ఒక్కొక్కదానికీ ఏళ్లు పట్టింది. వేదిక మీద సాక్ష్యం చెప్పాలనుకునేవాళ్లు ముందు తెమడ పరీక్ష చేయించుకుని, పూర్తిగా ఆరు నెలల కోర్సు ముగించి రావాలి. మాత అప్పటిదాకా ఎదురుచూస్తుంది.

దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు ఎక్కువ, అందుకే ఎక్కినదానికంటే నెమ్మదిగా దిగాం. కిందికి వచ్చాక ముందు షుగరు మనిషి అరికాళ్లు వెలుతురులో చూశాం, బొబ్బల్లేవు. టీబీ మాత్రలు వేయించి, జపమాల చెప్పుకుంటూ స్టేషన్‌కు బయల్దేరాం. మర్నాడు పొద్దున ఏడింటికి డయాలసిస్ ఉంది.