చూలు పోయినా ఎదకు రాని గుర్రం

ఎర్ర గుర్రం సంగతి దాని యజమానికి నచ్చజెప్పేసరికి ఇవాళ తల ప్రాణం తోకకొచ్చింది. చూలు 50వ రోజు ప్రాంతంలో పోయింది. సరే, పోతే పోయింది, మూడు వారాల్లో మళ్లీ ఎదకు రావాలి కదా, ఎందుకు రాలేదు, ఓ ఇంజెక్షన్ వేస్తే సరిపోదా అని ఒకటే ప్రశ్నలు. నిజానికి ఆయన లెక్కలో తప్పేం లేదు. గుర్రానికి ఎద 21, 22 రోజులకోసారి వస్తుంది, వచ్చాక ఐదు నుంచి ఏడు రోజులుంటుంది. కానీ 35 రోజులు దాటాక చూలు పోతే ఈ లెక్క నడవదు.

ఎందుకంటే అప్పటికే పిండం పొర నుంచి కొన్ని కణాలు విడిపోయి తల్లి గర్భాశయం గోడలోకి దిగిపోయి ఉంటాయి. వాటిని ఎండోమెట్రియల్ కప్పులంటారు. ఇవి పీఎంఎస్‌జీ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంటాయి, దాని వల్ల అండాశయంలో కొత్తగా మరికొన్ని కార్పస్ ల్యూటియంలు, అంటే ప్రొజెస్టరోన్ తయారుచేసే చిన్న గడ్డలు, ఏర్పడి చూలును నిలిపే ఆ ప్రొజెస్టరోన్ హార్మోన్ ఇంకా పెరుగుతుంది. చిక్కేమిటంటే పిండం పోయినా కప్పులు పోవు. దాదాపు 120 రోజుల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, వాటి పని అవి చేసుకుపోతాయి. కడుపులో ఏమీ లేదు, ఒంట్లో మాత్రం ఇంకా చూడి హార్మోనే! ఆయనడిగిన ఇంజెక్షన్, అంటే కార్పస్ ల్యూటియంను కరిగించే ప్రోస్టాగ్లాండిన్, వేసినా అండం సరిగ్గా విడుదలయ్యే మంచి ఎద రావడం చాలా అరుదు. ఆగడం తప్ప దారి లేదంటే ఎవరికి నచ్చుతుంది చెప్పండి.

ఆయన అసలు టెన్షన్ వేరే, ఆ రెండు నెలలు ఆగితే సీజన్ అయిపోతుంది. గుర్రం పగలు పెరిగే రోజుల్లోనే ఎదకొచ్చే జంతువు. చీకటి పడితే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది, రాత్రులు పొడుగైతే అదీ ఎక్కువసేపు ఉండి మెదడు నుంచి అండాశయాలకు రావాల్సిన ఆజ్ఞల్ని ఆపేస్తుంది. అందుకే చలికాలంలో చాలా గుర్రాల అండాశయాలు పడుకుంటాయి. రేసు గుర్రాలవాళ్ల ఇబ్బంది మరీ విచిత్రం. ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్ పిల్లలన్నిటికీ జనవరి 1నే వయసు ఒక ఏడాది పెరుగుతుంది, దక్షిణాన ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఆగస్టు 1న. ఆలస్యంగా పుట్టింది లెక్కలో అదే వయసున్న పెద్దవాటితో పరిగెత్తాల్సి వస్తుంది, అందుకే ఏడాది మొదట్లోనే పిల్ల పుట్టాలని చూస్తారు. చూడి కాలమేమో సుమారు 340 రోజులు. ఏడాది మొదట్లోనే ఈనాలంటే చలి ఇంకా పోకముందే కట్టించాలి, అందుకని శీతాకాలం మొదట్లోనే షెడ్డులో లైట్లు పెట్టి పగలూ లైటూ కలిపి 16 గంటల వెలుతురు అయ్యేలా రెండు నెలలు ఉంచుతారు. పేపర్ చదువుకోగలిగేంత వెలుతురు చాలు, కానీ దాన్ని సాయంత్రం వైపే కలపాలి, తెల్లవారుజామున కలిపితే అంత పని చేయదు. వచ్చేసారికి ఎర్రదానికి ఇదే చేద్దామన్నాను. ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు.

తర్వాత తెల్లదాన్ని స్కాన్ చేశాం. అండం విడుదలై 14 రోజులు. స్క్రీన్ మీద నల్లటి గుండ్రని మచ్చ, ఒకటిన్నర సెంటీమీటర్లుంటుందేమో. ముందు గర్భాశయం కుడి కొమ్ములో (గర్భాశయం రెండు పాయలుగా చీలి ఉంటుంది, వాటినే కొమ్ములంటాం) కనిపించింది, ఇంకో గుర్రాన్ని చూసొచ్చి మళ్లీ ప్రోబ్ పెడితే గర్భాశయం మధ్యలో ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది వింతే. గుర్రం పిండం 16వ రోజు దాకా ఒకచోట కుదురుగా ఉండదు, అద్దె ఇంటి కోసం వీధంతా తిరిగినట్టు రెండు కొమ్ములూ కలియదిరుగుతుంది. నేనున్నానని గర్భాశయం మొత్తానికి తెలియాలి, లేకపోతే గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ వదిలి కార్పస్ ల్యూటియంను కరిగించేస్తుంది, చూడి నిలవదు. ఆవుల్లో ఈ కబురు మోసేది ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్ అని తేలింది, గుర్రంలో ఏదో మాత్రం ఇంతవరకూ ఎవరూ తేల్చలేకపోయారు.

కవలలున్నాయేమోనని రెండు కొమ్ముల కొసల దాకా వెతికాం. కవలలైతే అవి ఒకచోట కుదురుకోకముందే ఒకదాన్ని నలిపేయాలి, రెండూ బతికి బయటపడటం చాలా అరుదు. ఒకటే ఉంది, హమ్మయ్య. ఎల్లుండి దాటాక ఇంకోసారి చూడాలని రిజిస్టర్‌లో రాశాను.