నయాపూల్ మీద పోయిన ఫోను

చార్మినార్‌కి వెళ్తున్నామని చెప్పగానే మా అపార్ట్‌మెంటు లిఫ్టులోనే ఇద్దరు ఆపారు. ఒకావిడ నా మెడలో గొలుసు చూసి "అది ఇంట్లో పెట్టి వెళ్లండి" అంది. ఇంకొకాయన "ఎనిమిదింటికల్లా వచ్చెయ్యండి, అక్కడ మనకి సేఫ్ కాదు" అన్నాడు. ఆ "మనకి" దగ్గర నాకు చిరాకేసింది. ఆయన పదకొండేళ్లుగా ఈ హైదరాబాద్ శివారు నిజాంపేటలోనే ఉంటున్నాడు. మీరెప్పుడైనా వెళ్లారా అని అడిగితే, ఒకసారి కారులో అటుగా పోయానన్నాడు. అంత చిరాకు పడి కూడా వెనక్కి వెళ్లి గొలుసు బీరువాలో పెట్టే బయల్దేరాను.

మా వదిన లక్నో నుంచి వచ్చింది. మేనమామ కూతురు, పెళ్లయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంటోంది. వచ్చిన నాలుగు రోజుల్లో మూడు రోజులు బంధువుల పెళ్లిలోనే గడిచిపోయాయి, వాటి గురించి చెప్పడానికేం లేదు. మిగిలిన ఒక్క రోజు పాతబస్తీ చూద్దామంది.

జేఎన్‌టీయూ దగ్గర మెట్రో ఎక్కాం. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 75 రూపాయలు చేసి, జనం గొడవ చేస్తే 69కి తగ్గించారు కదా, ఆ తగ్గింపు తర్వాత కూడా ఇద్దరికీ రానూపోనూ లెక్కేస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. సీట్లు దొరికాయి. వదిన వాళ్ల ఊరి కబుర్లు మొదలుపెట్టింది. "నేను కాపురానికి వెళ్లిన కొత్తలో ఏడు దాటితే తలుపులు వేసుకునేవాళ్లమే. ఇప్పుడు అలా కాదు, గూండాలు భయపడుతున్నారు, ప్రభుత్వం గట్టిగా ఉంది" అంది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు, తను చూసిందే చెప్తోంది. మా అమ్మాయి త్రిశూర్‌లో చదువుతోంది, రాత్రి తొమ్మిదింటికి కూడా ఆడపిల్లలు బస్టాండులో నిలబడి ఉంటారని నేనన్నాను. "కేరళలో క్రైమ్ ఎక్కువట కదా, లెక్కలు చూడు" అంది.

అక్కడికక్కడే ఫోనులో చూశాం. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో జనాభాతో పోలిస్తే కేరళలో కేసులు దేశ సగటు కంటే ఎక్కువ, ఉత్తరప్రదేశ్‌లో సగటు కంటే తక్కువ. ఆవిడ చెప్పింది నిజమే. అదే ఫోనులో శిశు మరణాల లెక్క కూడా తీశాను. 2020లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండా చనిపోయినవాళ్లు కేరళలో 6, మన తెలంగాణలో 21, ఉత్తరప్రదేశ్‌లో 38. పసిపిల్లల్ని అంత బాగా కాపాడుకునే చోట నేరాలు అన్నెలా ఉంటాయి అని నేను, రెండింటికీ సంబంధం ఏంటి అని వదిన, అమీర్‌పేట దాటేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.

నాంపల్లిలో దిగి ఉస్మానియా బిస్కెట్లు కొన్నాం. మెట్రో ఎలాగూ చార్మినార్‌కి పోదు. మొదటి ప్లానులో ఫలక్‌నుమా దాకా ఉన్న లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్టాండు వరకు వచ్చి మూసీ ఒడ్డునే ఆగిపోయింది. మేముండే వైపు పది నిమిషాల నడకలో స్టేషను దొరుకుతుంది, పాతబస్తీలో లక్షల మందికి ఒక్కటీ లేదు. ఆటో అతను సుమారు నాలుగు కిలోమీటర్లకి నూట ఎనభై అన్నాడు. దండం పెట్టి సిటీ బస్సు ఎక్కాం.

బస్సు కిక్కిరిసి ఉంది, ఎక్కువమంది ఆడవాళ్లే. 2023 డిసెంబరు 9 నుంచి మనకి ఫ్రీ కదా. నేను ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. వదిన ఆధార్ మీద లక్నో అడ్రస్ ఉంది. "అమ్మా, తెలంగాణ అడ్రస్ ఉంటేనే" అన్నాడు కండక్టరు, మర్యాదగానే. ఆవిడ డబ్బులిచ్చి, "పుట్టింది ఇక్కడే కదా" అని మెల్లగా అంది. ఆ మాటకి నాకు బాధేసింది. మా కాళ్ల దగ్గర పూల గంప పెట్టుకుని ఒకామె కూర్చుంది, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వస్తోందట. రోజుకి అరవై రూపాయలు మిగులుతున్నాయమ్మా, ఆ డబ్బుతో పిల్లకి పాల ప్యాకెట్ కొంటున్నా అంది. బస్సులు చాలట్లేదని నేనూ తిట్టుకుంటాను కానీ, ఆ మాట విన్నాక ఈ పథకాన్ని ఎవరైనా వెక్కిరిస్తే ఊరుకోలేను.

అఫ్జల్‌గంజ్‌లో టైము చూశాను, ఆరుకి పది నిమిషాలు తక్కువ. ఫోను బ్యాగు ముందు జేబులో పెట్టి జిప్పు లాగాను. బస్సు నయాపూల్ వంతెన ఎక్కింది, ఎడమ పక్క మూసీ కంపు గుప్పుమంది, వదిన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మదీనా దగ్గర తోసుకుంటూ దిగి, ఫోటో తీద్దామని చూస్తే జిప్పు తెరిచి ఉంది, ఫోను లేదు. జిప్పు పక్కన రెండంగుళాల మేర బట్ట బ్లేడుతో కోసినట్టు చీలి ఉంది.

నాకు ముందు గుర్తొచ్చింది ఫోను కాదు, లిఫ్టులో ఆయన మొహం. ఇంటికెళ్లాక ఏమంటాడో తెలుసు కాబట్టి ఒళ్లు మండిపోయింది. కానీ ఫోను వంతెనకి ఏ వైపు పోయిందో దేవుడికే తెలియాలి. ఇటు గోషామహల్, 2014 నుంచి బీజేపీ గెలుస్తున్న సీటు. అటు చార్మినార్, మజ్లిస్ (ఎంఐఎం) పార్టీది. 2023లో హైదరాబాద్ జిల్లా 15 సీట్లలో మజ్లిస్‌కి 7, బీఆర్‌ఎస్‌కి 7, బీజేపీకి 1 వచ్చాయి, రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్‌కి అప్పుడు ఇక్కడ ఒక్కటీ రాలేదు. ఇన్ని పార్టీల ఊళ్లో ఈ దొంగతనాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

ఈ ప్రశ్న నా మనసులో పుట్టింది అనుకున్నాను, పోలీస్ స్టేషనులో నిజంగానే అడిగారు. "బ్రిడ్జి దాటాక పోయిందా, దాటకముందా?" అఫ్జల్‌గంజ్‌లో ఉంది, మదీనాలో లేదు అన్నాను. అయితే మా లిమిట్స్ కాదేమో, అవతలికి వెళ్లండి అన్నారు. మళ్లీ వంతెన దాటి, ఈసారి నడిచి, ఇంకో స్టేషనుకి వెళ్లాం. అక్కడ రాసుకున్నారు, కానీ నా కాగితంలో "దొంగిలించారు" అన్న మాట కొట్టేసి "పోగొట్టుకున్నాను" అని రాయమన్నారు. త్వరగా పనవుతుందట. బ్యాగు కోసిన చోటు చూపించాను. చూసి, "ఎక్కడైనా తగిలి చిరిగుంటుందమ్మా" అన్నారు. ఏ స్టేషను పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని, అదే జీరో ఎఫ్‌ఐఆర్ అని, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులోనే స్పష్టంగా ఉంది. అంతకుముందే 2013లో సుప్రీంకోర్టు, కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, అని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. ఇవన్నీ నాకు ఇంటికొచ్చాక తెలిశాయి. అప్పుడు మాత్రం అలిసిపోయి, వాళ్లు రాయమన్నదే రాశాను.

బయటికొచ్చాక వదిన అంది, "నీ దొంగతనం ఇప్పుడు లెక్కలో లేదు కదా." అక్కడే మెట్ల మీద కాసేపు నిలబడిపోయాం. త్రిశూర్‌లో మా అమ్మాయి రూమ్మేట్ ల్యాప్‌టాప్ పోతే ఆ సాయంత్రమే ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికిచ్చారు. అక్కడ అది ఒక నేరం, ఇక్కడ నాది ఒక మరుపు. వదిన తనంతట తనే, "మా వీధిలో ఎన్ని గొలుసులు తెంపుకుపోయినా కంప్లైంట్ ఇచ్చినవాళ్లని నేను చూడలేదు" అని చెప్పింది. మెట్రోలో చేసిన వాదనంతా ఇద్దరం అక్కడే వదిలేశాం.

పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం పెద్దాయన దగ్గర ఫోను అడిగాను, మా ఆయనకి చెప్పాలని. ఆయన నా మొహం చూసి "ఘబరావ్ నక్కో అమ్మా" (కంగారు పడకు) అని స్టూలు వేశాడు. వాళ్లబ్బాయి ముందు సిమ్ బ్లాక్ చేయించమన్నాడు, లేకపోతే ఓటీపీలతో ఖాతా ఖాళీ చేస్తారని. కస్టమర్ కేర్ వాళ్లు ఇరవై నిమిషాలు పాట వినిపించారు, అంతసేపూ ఆ అబ్బాయి బేరాలు వదిలి ఫోను పట్టుకునే ఉన్నాడు. పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం నడిపే సీఈఐఆర్ సైటులో ఫోను ఐఎంఈఐ (గుర్తింపు) నంబరు, పోలీసు రసీదు పెడితే ఫోను దేశంలో ఎక్కడా పనిచేయకుండా ఆపుతారని, దొరికితే మెసేజ్ వస్తుందని వివరంగా చెప్పాడు. ఇరానీ చాయ్ తెప్పించారు. నేనొక దుపట్టా కొంటానంటే పెద్దాయన ఒప్పుకోలేదు, ఈరోజు మాత్రం వద్దన్నాడు.

నా చిన్నప్పుడు, 1990 డిసెంబరులో, మా నాన్న సూర్యాపేట నుంచి ఈ పత్తర్‌గట్టీకే బట్టల కోసం వచ్చి మత అల్లర్ల కర్ఫ్యూలో మూడు రోజులు చిక్కుకుపోయారు. ఇంట్లో ఫోను లేదు, అమ్మ తిండి మానేసింది. ఆయన తిరిగొచ్చాక మమ్మల్ని ఎప్పుడూ చార్మినార్‌కి తీసుకెళ్లలేదు. ఆ మూడు రోజులూ ఒక ముస్లిం దుకాణదారు ఇంట్లో తిన్నానని మాత్రం చెప్పేవారు. నేను భయాన్ని గుర్తుపెట్టుకున్నాను, ఆ అన్నాన్ని మర్చిపోయాను. స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తొమ్మిదిన్నరకి గుల్జార్‌హౌజ్ దగ్గర చంకలో పిల్లలతో ఆడవాళ్లు గాజులు బేరమాడుతున్నారు. మా నిజాంపేటలో ఆ టైముకి రోడ్డు మీద కార్లే కానీ నడిచే ఆడమనిషి కనిపించదు, నడవడానికి ఫుట్‌పాత్ కూడా లేదు. అలాగని ఇక్కడంతా బాగుందని చెప్పను. డ్రైనేజీ పొంగి మా చెప్పులు తడిసిపోయాయి, తలపైన కరెంటు తీగలు సాలెగూళ్లలా వేలాడుతున్నాయి. 2025 మే 18న ఈ గుల్జార్‌హౌజ్ దగ్గరే ఒక పాత ఇంట్లో మంటలు రేగి ఒకే కుటుంబంలో 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. ఆ చుట్టుపక్కల ఇరుకు మెట్ల దారులు చూస్తుంటే ఊపిరాడలేదు. పాతబస్తీలో ప్రాణానికి భయం అంటే మా లిఫ్టులో వాళ్లకి కత్తులు గుర్తొస్తాయి, ఈ తీగలు, ఈ మెట్లు ఎవరికీ గుర్తురావు.

ఇంటికి చేరేసరికి పదకొండు. అనుకున్నట్టే లిఫ్టు ఆయన ఎదురై, "చెప్పానా" అన్నాడు. మా పక్క బ్లాకులో రిటైరైన మాస్టారు పోలీసులమని నమ్మించిన మోసగాళ్ల చేతిలో రెండు రోజులు వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" అయి, సోఫాలోంచి లేవకుండానే పొదుపు మొత్తం పోగొట్టుకున్నారు. ఈ సంగతి ఆయనకీ తెలుసు. 2022లో సైబర్ కేసుల్లో 15,297తో దేశంలో మొదటిది తెలంగాణే. మాస్టారుది కేసు రాశారు, సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి వెంటనే ఫోన్ చేశారు కాబట్టి. నాది రాయలేదు. అదే ఆయనకి చెప్పాను, గట్టిగానే చెప్పాను.

వదిన మర్నాడు వెళ్లిపోయింది. నేను కొత్త కాగితం మీద మళ్లీ రాశాను, "బ్లేడుతో బ్యాగు కోసి ఫోను దొంగిలించారు" అని, స్థలం నయాపూల్ మీద అని. నిన్న ఆ బ్యాగు కూడా పట్టుకుని స్టేషనుకి వెళ్లాను. సార్ లేరు, సోమవారం రమ్మన్నారు. సోమవారం సెలవు పెట్టాను.