పెత్రీన్ కొండ మీద చిన్న డబ్బా

చెక్ రాజధాని ప్రాగ్‌లో గడిపిన నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే స్పష్టంగా గుర్తుండిపోయింది చార్లెస్ వంతెన కాదు, పెత్రీన్ కొండ వాలులో ఒక ఇనుప కమ్మీ కింద అయస్కాంతంతో అతుక్కుని ఉన్న, బొటనవేలంత డబ్బా.

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే లోపాన్ని తొలగించిన వెంటనే, ఒరెగాన్ రాష్ట్రంలో ఒకరు తొలి డబ్బాను దాచి దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించడంతో మొదలైన జియోకాషింగ్‌ను, అంటే ఎవరో దాచిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే ఆటను, నేను ఇన్నాళ్లూ సెలవురోజు కాలక్షేపంగానే చూశాను. పరాయి దేశంలో అది నాకు దారి చూపింది.

1357లో పునాది పడిన ఆ వంతెనపై జనం కిక్కిరిసి ఉండగా, నేను ఫోన్ చూపిన దిక్కు పట్టుకుని, కొండ మీద 1891లో కట్టిన వీక్షణ గోపురం వైపు పండ్లతోటల మధ్య నుంచి ఎక్కే కాలిబాటన నడిచాను. చివరి పది మీటర్లలో జీపీఎస్ చేతులెత్తేసింది. ఇక కళ్లకూ వేళ్లకూ పని. డబ్బాలో, కనుగొన్నవాళ్లు పేరు రాసే చుట్టచుట్టిన కాగితం చెమ్మకు మెత్తబడి ఉంది. అందులో నాకు రాని ఎన్నో భాషల పేర్లు, తేదీలు, వాటి నడుమ ఒక పసిచేతి వంకర అక్షరాలు. వాటి కింద నా పేరు రాస్తున్నప్పుడు కలిగిన ఆత్మీయత ఏ మ్యూజియంలోనూ కలగలేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి: రోజుకు రెండు డబ్బాలకు మించి వెతకాలని పెట్టుకోకండి, లేకపోతే కళ్లు ఫోన్‌లోనే ఉండిపోయి ఊరు కనిపించదు. మూడో రోజు నాకు అదే జరిగింది.