ఫుషిమి ఇనారిలో నేనూ, ఒక పిల్లీ

జపాన్‌లోని క్యోటోలో ఫోటోలకి ఎక్కడికెళ్లాలని అడిగితే నేను చెప్పేది ఒకటే: పొద్దున్నే లేవండి!

కొండ మీదున్న ఫుషిమి ఇనారి గుడికి టికెట్ లేదు, రాత్రింబవళ్లూ తెరిచే ఉంటుంది. మొదటిరోజు పదింటికి వెళ్తే ఫోటో నిండా తలకాయలే. మర్నాడు ఐదున్నరకే వెళ్లాను. ఆ ఎర్రటి తోరీ ద్వారాల కింద నేనూ, ఒక పిల్లీ. కొండ ఎత్తు 233 మీటర్లే, మోకాళ్లు మాత్రం ఒప్పుకోలేదు.

దిగేటప్పుడు కనిపించింది అసలు సంగతి. స్తంభాల వెనకవైపు దాతల పేర్లు, తేదీలు. అచ్చం మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద రాసినట్టే! ఒక్కదాన్నే నవ్వుకున్నా.

సాయంత్రం వెలుగుకి కియోమిజు గుడి చెక్క వేదిక బాగుంటుంది. గీషాల పేట గియోన్‌లోని ప్రైవేటు సందుల్లో మాత్రం కెమెరా తీయకండి, 10,000 యెన్ల జరిమానా అని బోర్డులున్నాయి.

మొత్తం నాలుగొందల ఫోటోలు. ఇంట్లో అందరికీ నచ్చింది పిల్లి ఫోటో.