ఛార్జింగ్ యాప్ వాలెట్‌లో ఆగిపోయిన డబ్బు తిరిగి వచ్చిన క్రమం: నా అనుభవం

పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్‌లో కారుకు ఛార్జింగ్ పెట్టాలంటే ముందుగా ఆ కంపెనీ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, దాని వాలెట్‌లో డబ్బు వేసి ఉంచాలన్న పద్ధతి మన ప్రాంతంలో చాలాచోట్ల స్థిరపడిపోయింది. ఆ వాలెట్‌లో వేసిన డబ్బు ఆగిపోతే ఎవరిని అడగాలి, అడిగితే ఎవరు తమ పరిధి కాదంటారు, ఎందుకంటారు అన్నది నేను ఒక్కొక్క కార్యాలయమూ తిరిగి తెలుసుకోవలసి వచ్చింది. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల్లో ఎలక్ట్రిక్ కార్లు కొన్నవారు, కొనాలనుకుంటున్నవారు ఇంత తిరగకుండా పని పూర్తి చేసుకోవాలన్న ఉద్దేశంతో ఈ వివరాలు రాస్తున్నాను.

హనుమకొండలో ఉండే మేము హైదరాబాద్‌కు 163వ నంబరు జాతీయ రహదారి మీద తరచుగా వెళ్తుంటాం. ఒక ప్రయాణంలో జనగామ సమీపంలోని ఒక హోటల్ ఆవరణలో ఉన్న ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాను. యాప్ దింపుకుని, ఓటీపీతో నమోదై, కనీస మొత్తంగా అడిగిన 500 రూపాయలు యూపీఐ ద్వారా వాలెట్‌లో వేశాను. ఛార్జింగ్ గన్ (కారుకు తగిలించే ప్లగ్) పెట్టిన కొద్ది నిమిషాలకే ఛార్జింగ్ ఆగిపోయింది. ఎక్కిన యూనిట్లకు రమారమి 60 రూపాయలు పోగా, మిగిలిన మొత్తం బ్యాలెన్స్‌లోకి రాకుండా ‘హోల్డ్’ అని చూపిస్తూ నిలిచిపోయింది. అక్కడి కాపలాదారును అడిగితే, “సార్, మాకేం తెల్వది. యాప్‌ల పైసలేస్తెనే మిషిన్ నడుస్తది. మా చేతికి పైసలు తీస్కోవద్దని చెప్పిన్రు” అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. స్థలం హోటల్‌ది, యంత్రం కంపెనీది, డబ్బు సంగతి ఎక్కడో ఉన్న సర్వర్‌ది. జనగామలో మరో కంపెనీ ఛార్జర్ దొరికింది కానీ, అక్కడ మళ్లీ కొత్త యాప్, కొత్త ఓటీపీ, కొత్త వాలెట్ తప్పలేదు.

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు. తర్వాత కొంతకాలం ఆ నంబరు చెప్పడం, వాళ్లు పరిశీలిస్తున్నామనడం తప్ప మరేమీ జరగలేదు. చివరికి వచ్చిన ఈమెయిల్‌లో, వాలెట్‌లో వేసిన డబ్బు నిబంధనల ప్రకారం బ్యాంకు ఖాతాకు తిరిగి ఇవ్వబడదని, తదుపరి ఛార్జింగ్‌కు వాడుకోవచ్చని రాశారు. హోల్డ్‌లో ఉన్న డబ్బును తదుపరి ఛార్జింగ్‌కు ఎలా వాడుకోవాలో మాత్రం రాయలేదు.

తర్వాత నా ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లాను. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐ ద్వారా వ్యాపారికి చెల్లించినప్పుడు మన ఖాతాలో డబ్బు తగ్గి, వ్యాపారికి ధ్రువీకరణ చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఈ నియమం నాకు వర్తిస్తుందనే నమ్మకంతో వెళ్లాను. అక్కడి అధికారి ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరుతో వివరాలు చూసి, నా 500 రూపాయలు కంపెనీకి సక్రమంగానే చేరాయని, బ్యాంకు దృష్టిలో లావాదేవీ విజయవంతమైందని ఓపికగా వివరించారు. విఫలమైనది చెల్లింపు కాదు, చెల్లింపు తర్వాత అందవలసిన సేవ. వాలెట్ మధ్యలో ఉండటం వల్ల ఈ రెండూ విడిపోయి, యూపీఐ వినియోగదారుడికి ఉన్న రక్షణ వాలెట్ గడప దగ్గరే ఆగిపోతోంది. ఈ వ్యవహారం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయం ఇదే.

బ్యాంకింగ్, చెల్లింపు సేవలపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు కూడా పరిధిలోకి రాదంటూ ముగిసింది. కారణం వెదికితే 2021 ఆగస్టు 27 నాటి ప్రీపెయిడ్ సాధనాల మార్గదర్శకాల్లో దొరికింది. ఒక సంస్థ తన దగ్గర మాత్రమే ఖర్చు పెట్టుకునేందుకు జారీ చేసే, నగదుగా తీసుకునే వీలు లేని వాలెట్‌ను ‘క్లోజ్డ్ సిస్టమ్’ అంటారు. దానికి రిజర్వు బ్యాంకు అనుమతి అవసరం లేదు, దాని నియంత్రణా ఉండదు. ఇదే రహదారి మీద కోమళ్ల టోల్‌ప్లాజా దగ్గర మనం వాడే ఫాస్టాగ్ బ్యాంకులు, అనుమతి పొందిన సంస్థలు జారీ చేసేది కాబట్టి రిజర్వు బ్యాంకు నియమాల కిందికి వస్తుంది. అదే దారిలో ఛార్జింగ్ కోసం వేసిన డబ్బుకు ఆ కాపుదల లేదు.

కరెంటుకు సంబంధించిన విషయం కదా అని నక్కలగుట్టలోని ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలోనూ విచారించాను. అక్కడ చెప్పిన సమాధానం చట్టరీత్యా సరైనదే. ఛార్జింగ్ అనేది విద్యుత్ అమ్మకం కాదు, సేవ మాత్రమేనని, అందుకు 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అందువల్ల పంపిణీ సంస్థకు వినియోగదారుడు ఆ ఛార్జింగ్ కంపెనీ, నేను కాదు. స్టేషన్లు త్వరగా రావడానికి ఆ వివరణ ఎంతో మేలు చేసిందని ఒప్పుకుంటాను. అయితే లైసెన్సుతో పాటు వచ్చే జవాబుదారీతనం కూడా దానితోపాటే తొలగిపోయింది, ఆ స్థానంలో మరొకటి రాలేదు.

పని జరిగింది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 వద్ద. తెలుగులోనే మాట్లాడవచ్చు. నేను చెప్పింది విని, చెల్లింపు రసీదు, యాప్‌లో ‘హోల్డ్’ అని కనిపించిన స్క్రీన్‌షాట్, కంపెనీ ఈమెయిల్ జతచేయించి డాకెట్ నంబరు ఇచ్చారు. ఈ హెల్ప్‌లైన్ న్యాయస్థానం కాదు, ఉత్తర్వులివ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపి సమాధానం రాబడుతుంది. దానితోపాటు నేను కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు విడిగా ఒక లేఖ పంపాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలన్న నిబంధనను అందులో పేర్కొన్నాను. పరిష్కారం కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తానని కూడా రాశాను. ఈ చట్టంలో మనకు మేలు చేసే అంశాలు రెండున్నాయి: ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, చెల్లించిన విలువ ఐదు లక్షల రూపాయల లోపైతే ఫీజు ఉండదు. కంపెనీ కార్యాలయం ఏ రాష్ట్రంలో ఉన్నా, సమాధానం ఇక్కడికి వచ్చి చెప్పుకోవలసిందే. బహుశా ఈ వాక్యమే పనిచేసి ఉంటుంది. కొద్దికాలానికే మిగిలిన డబ్బు పూర్తిగా నా బ్యాంకు ఖాతాలో జమ అయింది. తిరిగి ఇవ్వబడదని అంతకుముందు చెప్పిన నిబంధన ప్రస్తావన ఈసారి రాలేదు.

డబ్బు చిన్నదే. కానీ ఈ మధ్య పరకాలకు చెందిన ఒక క్యాబ్ డ్రైవర్‌తో ఈ సంగతి మాట్లాడుతుంటే, “అన్నా, నా ఫోన్ల ఛార్జింగ్ యాప్‌లే నాలుగున్నయ్. ఒక్కో దాంట్ల నూరు, నూటయాభై ఇరికి ఉన్నయ్. ఒక్కటి గూడ పూర్తి ఛార్జింగ్‌కు సాలదు” అన్నాడు. రోజు సంపాదన మీద బతికే మనిషికి అది చిన్న డబ్బు కాదు. పెట్రోలు బంకులో ముందుగా సభ్యత్వం తీసుకుని ఐదువందలు జమ చేస్తేనే పెట్రోలు పోస్తామంటే మనం ఒక్కరోజు కూడా ఒప్పుకోం.

కంపెనీల పక్షాన ఉన్న ఇబ్బందిని కూడా న్యాయంగా చెప్పాలి. ఎన్ని యూనిట్లు ఎక్కుతాయో ముందుగా తెలియదు, యంత్రం దగ్గర మనిషి ఉండడు, కాబట్టి ముందుగా కొంత సొమ్ము చేతిలో ఉండాలనుకోవడం సహజం. ఛార్జింగ్ స్టేషన్ల మార్గదర్శకాలకు 2022 నవంబరులో కేంద్రం చేసిన సవరణ కూడా పబ్లిక్ స్టేషన్లలో సేవా రుసుమును ముందస్తుగా వసూలు చేసే సదుపాయం ఉండాలనే చెప్పింది. అయితే ముందస్తు వసూలుకు వాలెట్ ఒక్కటే మార్గం కాదు. యంత్రం తెర మీద కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఏ యూపీఐ యాప్‌తోనైనా స్కాన్ చేసి, 300 రూపాయలకు ఛార్జింగ్ కావాలని చెల్లిస్తే, అంత మేరకు ఎక్కించి ఆపవచ్చు. మధ్యలో ఆగితే మిగిలింది వచ్చిన ఖాతాకే పంపవచ్చు. మొత్తాన్ని ఖాతాలోనే నిలిపి ఉంచి, వాడినంత మేరకే తర్వాత తీసుకునే ఏర్పాటు 2018 ఆగస్టులో వచ్చిన యూపీఐ రెండో రూపంలోనే ఉంది. సాంకేతికత ఉంది; దాన్ని తప్పనిసరి చేసే నియమమే కావాలి.

ఇతర దేశాలు అలాంటి నియమాలు చేశాయి. ఐరోపా సమాఖ్యలో 2024 ఏప్రిల్ 13 నుంచి, కొత్తగా పెట్టే 50 కిలోవాట్లు, అంతకు మించిన పబ్లిక్ ఛార్జర్లన్నిటికీ బ్యాంకు కార్డుతో నేరుగా చెల్లించే పరికరం ఉండాలి. అంతకంటే చిన్న వాటికి సురక్షితమైన క్యూఆర్ కోడ్ ఏర్పాటు చాలు. ఏ కంపెనీతోనూ ముందస్తు ఒప్పందం లేని బాటసారి కూడా వచ్చి, చెల్లించి, ఛార్జింగ్ పెట్టుకుని వెళ్లగలగాలి అన్నది ఆ నియమంలోని మూల సూత్రం. బ్రిటన్ 2023లో చేసిన నియమాలు దీనికి తోడు ధరను యూనిట్‌కు ఇన్ని పెన్నీలని ఒకే తీరులో చూపాలని, ఇరవైనాలుగు గంటలూ పలికే ఉచిత హెల్ప్‌లైన్ ఉండాలని కూడా చెప్పాయి. మన దగ్గర కార్డు యంత్రాల ఖర్చు కూడా అక్కర్లేదు, కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ నడుస్తోంది. ఇక్కడ ఇది ఇంకా సులువుగా జరగాలి.

డబ్బు వచ్చిన తర్వాత, ఒక సోమవారం హనుమకొండ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో వినతిపత్రం ఇచ్చాను. జిల్లా పరిధిలో తేలే విషయం కాదని తెలుసు కనుక, ఛార్జింగ్ స్టేషన్ల విషయంలో రాష్ట్ర నోడల్ సంస్థ అయిన టీజీ రెడ్కోకు (తెలంగాణ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థకు) పంపవలసిందిగా కోరాను. ప్రభుత్వ సబ్సిడీ గానీ ప్రభుత్వ స్థలం గానీ పొందే ప్రతి స్టేషన్‌లోనూ యాప్ అవసరం లేకుండా యూపీఐతో చెల్లించే వీలు ఉండాలని మొదటి అభ్యర్థనగా రాశాను. ఎలక్ట్రిక్ వాహనాల ప్రోత్సాహానికి కేంద్రం పెట్టిన 10,900 కోట్ల రూపాయల పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 2,000 కోట్లు పబ్లిక్ ఛార్జింగ్‌కే కేటాయించారు కాబట్టి, ప్రజాధనంతో వచ్చే యంత్రాలకైనా ఈ షరతు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. 18 శాతం జీఎస్టీ కలిపిన ధరను గన్ పెట్టకముందే చూపాలని, ఛార్జింగ్ ఆగిపోతే మిగిలిన సొమ్ము యూపీఐకి ఉన్న గడువులోనే వచ్చిన ఖాతాకు చేరాలని కూడా అడిగాను. రసీదు ఇచ్చారు, దరఖాస్తును హైదరాబాద్‌కు పంపినట్లు తర్వాత సమాచారం వచ్చింది. అక్కడి నుంచి జవాబు కోసం ఎదురుచూస్తున్నాను, లేఖలు రాస్తూనే ఉంటాను.

నాలాంటి పరిస్థితి ఎదురైనవారు బ్యాంకుకో అంబుడ్స్‌మన్‌కో వెళ్లి కాలం గడపకుండా, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, వెంటనే 1915కు ఫోన్ చేయడం మంచిది. యాప్‌లో పాత లావాదేవీలు కనిపించకుండా పోవచ్చు కనుక స్క్రీన్‌షాట్లు అదే రోజు తీసి పెట్టుకోవాలి. యూటీఆర్ నంబరు, స్టేషన్ పేరు, గన్ పెట్టిన సమయం, ఆగిన సమయం రాసి ఉంచుకోవాలి. 1915 ద్వారా పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్ ద్వారా కేసు వేయవచ్చు. అందుకు సమస్య ఎదురైన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది.