యలహంక ఆకాశంలో తొమ్మిది హాక్‌లు

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే బస్సుల్లో ఒక సుఖం ఉంది. కర్నూలు, అనంతపురం, చిక్కబళ్లాపురం దాటాక 44వ నంబరు జాతీయ రహదారి యలహంక వైమానిక స్థావరం పక్కనుంచే నగరంలోకి పోతుంది. అక్కడ జరిగే విమానాల ప్రదర్శన ఏరో ఇండియా చూడాలనుకునేవాళ్లు నగరం నడుమ ఉన్న మెజెస్టిక్ బస్టాండు దాకా పోయి, మళ్లీ ఆ ట్రాఫిక్‌లో పడి వెనక్కి రానక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో నేను యలహంకలోనే దిగిపోయాను. మా బావమరిది ఇల్లూ అక్కడే.

"కోడికూర మీద ఆశ పెట్టుకోకు బావా" అన్నాడు గుమ్మంలోనే. ప్రదర్శన ముగిసేదాకా స్థావరం చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాలు బంద్. వ్యర్థాల కోసం గద్దలు మూగుతాయి. గద్ద ఇంజన్‌లో పడిందంటే విమానానికే ముప్పు. పప్పుచారుతో కానిచ్చేశాం.

మర్నాడు 14, ఆఖరి రోజు. ఆ ఏడాది అమెరికా ఎఫ్-35, రష్యా సుఖోయ్-57 యుద్ధవిమానాలు రెండూ వచ్చాయి. నేను టికెట్ కొన్నదీ వాటికోసమే. సుఖోయ్ నిట్టనిలువుగా లేచినప్పుడు గుండెలు అదిరిన మాట నిజం. కానీ చప్పుడు వచ్చినవైపు మెడ తిప్పేసరికి అది ఇంకెక్కడో ఉంటుంది. కాసేపటికి చప్పుడొక్కటే మిగిలింది నాకు.

తర్వాత మన వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్ వచ్చింది. ఎరుపూ తెలుపూ రంగుల్లో తొమ్మిది హాక్ ఎంకే-132లు. నిజానికివి కుర్ర పైలట్లకు పాఠాలు చెప్పే శిక్షణ విమానాలు. మట్టంగా ఎగిరేటప్పుడు ధ్వనివేగం అందుకోవు, ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించి ఊపు పెంచే ఆఫ్టర్‌బర్నర్ లేదు. 1996లో ఈ బృందం పుట్టినప్పుడు వాడిన కిరణ్‌లూ శిక్షణవే. 2011లో వాటిని పాఠాలకే మళ్లించడంతో బృందం ఆగిపోయి, 2015లో హాక్‌లతో మళ్లీ మొదలైంది. నన్నడిగితే ఈ నెమ్మదే వీటి అందం. మలుపు తిరిగినా చూపు దాటిపోవు.

హాక్ రెక్కల వెడల్పు దాదాపు 10 మీటర్లు. పక్క విమానంతో ఎడం 5 మీటర్లు కూడా ఉండదు. అందరూ నాయకుడినే చూస్తారుగానీ నేనైతే చిట్టచివరి రెక్కన ఉన్నవాణ్ణి చూడమంటాను. గుంపంతా ఎడమకు తిరిగితే కుడిచివర ఉన్నవాడు అదే సమయంలో ఎక్కువ దూరం పోవాలి, వేగం పెంచాలి. ఎడమచివర ఉన్నవాడు తగ్గించాలి. అందుకే నాయకుడు తన ఇంజన్ శక్తినంతా ఎప్పుడూ వాడెయ్యడు, వెనకవాళ్లకు వెసులుబాటు ఉంచుతాడు. వాళ్లు దిక్కులు చూడరు, నేల చూడరు. నాయకుడి విమానం మీద కొన్ని గుర్తులు పెట్టుకుని, అవి ఒకే వరసలో కనబడేట్టు విమానాన్ని తిప్పే కర్రను, ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్‌ను క్షణక్షణం సవరించుకుంటూ ఉంటారు. కిందనుంచి మనకు మాత్రం తొమ్మిదీ ఒకే రేకులోంచి కత్తిరించినట్టు కదలకుండా కనిపిస్తాయి.

వేడి ఎగ్జాస్ట్‌లోకి డీజిల్ చిమ్మి పొగ వదులుతూ రెండు విమానాలు హృదయం బొమ్మ గీశాయి. తేదీ 14 కదా, కుర్రకారు ఈలలు వేశారు. తర్వాత రెండు ఎదురెదురుగా దూసుకొచ్చాయి. మా బావమరిది తల దించుకున్నాడు. 2019 ఫిబ్రవరి 19న ఇక్కడే రిహార్సల్‌లో రెండు హాక్‌లు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ చనిపోయారు. "అవి దాటాక చెప్పు బావా" అన్నాడు. దాటాయని చెప్పాకే తలెత్తాడు.

మా పక్కన జహీరాబాద్ ఆయన ఒకాయన, భార్యాబిడ్డలతో. సూర్యకిరణ్ బృందం ఉండేది బీదర్‌లో, జహీరాబాద్‌కు దగ్గరే.

"మా దిక్కు ఊకె కనబడ్తయి అన్నా, పైసల్లేకుంటనే."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"ఆడ మైకుల చెప్పెటోళ్లు ఉండరు గద. ఏది ఏందో తెల్వదు. ఈడ మంచిగ సమజైతది" అన్నాడు.